కదిలినదీ, కదిపినదీ

కన్నదరని మనిషి లోకంలో ఉండడు. మగవాడికి కుడి కన్నూ, ఆడవాళ్ళకి ఎడమ కన్నూ అదిరితే మంచిదనీ, అటుదిటయితే కీడనీ మన ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు కణ్వాశ్రమంలో అడుగుపెట్టేసరికి అతని కుడి బాహువు అదురుతుంది. సుందరకాండలో, ప్రాణం మీద ఆశ వదులుకున్న సీతమ్మవారికి ఎడమ కన్ను అదరడం శుభసూచకమైంది. క్లాసులో ఈ ఘట్టాలు చెప్పేటప్పుడు వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. తెలుగు పాఠంలో తమకి అనుభవమైన సంగతి ఒకటి వచ్చిందని వాళ్ళ సంతోషం కాబోలు!

శకునం మాట ఎలా ఉన్నా, మన కవులు ఒక్క సంగతి బాగా కనిపెట్టారు. బాహువు అదిరిందన్నారు గాని రాజు అదిరించాడనలేదు. తెలుగులో ఈ తేడా క్రియలోనే ఉంది. కదులు, కదుపు, ఊగు, ఊపు, వంగు, వంచు, తిరుగు, తిప్పు. మొదటిది దానంతట అది జరిగేది. రెండోది ఎవరో పూనుకుని చేసేది. పరీక్ష కోసం ఈ జంటలను వల్లె వేయించి ఇరవై ఏళ్ళకు పైగా జీతం పుచ్చుకున్నాను. ఈ చిన్న తేడా మీద ఒక సంసారం పరువూ, అన్నమూ ఆధారపడి ఉంటాయని మాత్రం మా బావ జబ్బు పడ్డాకనే తెలిసింది.

మాది సాలూరు. మా ఊరి పేరు విన్నవాళ్ళకి ముందు లారీలు గుర్తుకొస్తాయి. వేగావతి ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో లారీ కొన్నవాడు, నడిపేవాడు, బాడీ కట్టేవాడు, టైర్లకి పంక్చర్లు వేసేవాడు, ఈ నలుగురిలో ఒకరైనా లేని ఇల్లు తక్కువ. ఊరు దాటితే కొండలు. ఘాట్ రోడ్డెక్కితే ఒరిస్సా. మా మేనమామ కొడుకు, నాకన్న రెండేళ్ళు పెద్ద, పాతికేళ్ళు ఆ ఘాట్ మీద లారీ నడిపాడు. రాయపూర్ దాకా లోడు తీసుకువెళ్ళి, తిరుగు లోడుతో వచ్చేవాడు. వానాకాలం రాత్రివేళ ఆ మలుపుల్లో బండి దింపడంలో అతనికి మంచి పేరుండేది.

2022 సంక్రాంతి వెళ్ళిన నెలలో కాబోలు, ఒకనాడు మా అరుగు మీద కూర్చుని పంచె పైకి తీసి పిక్క చూపించాడు. చర్మం కింద వానపాములు కదులుతున్నట్టుగా కండ అలలు అలలుగా పొర్లుతోంది. ఒకచోట ఆగితే ఇంకోచోట మొదలు. ఉండుండి కాలంతా ఒక్క కుదుపు కుదిపినట్టయేది.

"నేనేటీ కదపట్లేదు బావా, దానంతటదే కదుల్తోంది" అన్నాడు.

వ్యాకరణం అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కొద్ది వారాల్లో చేతులకి కూడా పాకింది. స్టీరింగు గట్టిగా పట్టుకుంటే వేళ్ళు వెంటనే విడివడేవి కావు. గుప్పిట మూసి తెరవమంటే, ముడుచుకున్న తామరాకు విప్పినట్టు నెమ్మదిగా ఒక్కొక్క వేలూ విచ్చుకునేది. మాఘమాసపు చలిలో చొక్కా తడిసిపోయేటట్టు చెమట పట్టేది. రాత్రుళ్ళు పిక్కలు పట్టేసి కేక పెట్టేవాడు. మనిషి సగమైపోయాడు.

అప్పుడు మొదలైంది మా వాళ్ళ పరిశోధన. లారీ ఓనరు, చేతులు అలా కొట్టుకోవడం చూసి, తాగుడు ముదిరిందని తీర్మానించి బండి ఇంకో డ్రైవరుకి అప్పగించాడు. బావకి వక్కపొడి తప్ప వేరే అలవాటు లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. మా అత్త, అంటే బావ తల్లి, ఘాట్ మీద అర్ధరాత్రి ఎక్కడో దిగి ఉంటాడనీ, ఏదో గాలి సోకిందనీ శ్యామలాంబ అమ్మవారికి మొక్కుకుంది. అమ్మవారికి మొక్కుకోవడంలో తప్పులేదు. ఆ తల్లికి తోచిన దారి అది. బావ తోడల్లుడు ఇంకా గడుసువాడు. చిట్టీల బాకీ తీర్చలేక వేషం వేస్తున్నాడని నలుగురిలో అనేశాడు. చూపించుకున్న ఒక డాక్టరు నరాల బలహీనతని బలం మాత్రలు రాశాడు. ఇంకొకాయన, మనసులో ఏదో దిగులుందనీ, పదిమంది దృష్టీ తనమీద ఉండాలనే కోరిక వల్ల ఇటువంటివి వస్తాయనీ సెలవిచ్చాడు.

ఇన్ని తీర్పుల్లోనూ వరస ఒక్కటే. కాలు కదిలితే దాన్ని కదిపే కర్త ఒకడుండాలి. కల్లు కదిపిందని ఓనరు, దయ్యం కదిపిందని అత్త, తనే కదుపుతున్నాడని తోడల్లుడు, దిగులు కదిపిందని డాక్టరు. దానంతట అదే కదులుతోందన్న రోగి మాటని మాత్రం ఎవరూ మాటకింద జమకట్టలేదు.

జమకట్టినది ఒక్క మనిషి, అతని భార్య. నాకు చెల్లెలి వరస. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఇల్లాలు. ఒకనాటి రాత్రి రెండు గంటలకి మెలకువ వచ్చి చూస్తే, బావ గురక పెట్టి నిద్రపోతున్నాడు. పిక్కలు మాత్రం మెలకువలో ఎలా పొర్లుతాయో అలాగే పొర్లుతున్నాయి. ఆవిడ సెల్ ఫోను తీసి, దీపం వేసి, మొహమూ కాళ్ళూ ఒకేసారి కనబడేటట్టు మూడు నిమిషాలు బొమ్మ తీసింది. తెల్లవారి మా ఇంటికి వచ్చి ఆ బొమ్మ నాకు చూపించి అడిగింది:

"అన్నయ్యా, నిద్దట్లో ఎవరైనా వేషం వేస్తారా?"

ఆ ప్రశ్నకి సమాధానం 1961లోనే ఉందని అప్పటికి నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు. మరునాడే ముగ్గురం విశాఖపట్నం బస్సెక్కాము.

అక్కడి నరాల డాక్టరు వయసులో చిన్నవాడు. చెల్లెమ్మ ఫోను చేతికిస్తే మొదటిసారి చూసి, మళ్ళీ మొదటినుంచీ చూశాడు. "అమ్మా, మీరు తీసుకొచ్చినది సగం పరీక్ష" అన్నాడు. తరవాత బావని పడుకోబెట్టి, పిక్కలో సన్నని సూది గుచ్చి, దాని తీగను ఒక యంత్రానికి తగిలించాడు. యంత్రానికి స్పీకరు ఉంది. కండలో నడిచే విద్యుత్తు అందులో శబ్దమై వినిపిస్తుంది. కాలు వదులుగా పెట్టుకున్నప్పుడు ఆరోగ్యవంతుడి కండ నిశ్శబ్దంగా ఉండాలిట. బావ కాలు ఊరుకోలేదు. గబగబమని మోతలు, మధ్యలో హఠాత్తుగా సన్నని రొద లేచి కిందికి జారిపోవడం. సెకనుకి నూట యాభై నుంచి మూడువందల సార్ల దాకా నరం ఇలా పేలుతుందని డాక్టరు చెప్పాడు. ఏ మనిషీ కావాలని తన కండని అంత వేగంగా ఆడించలేడు.

బావ చెవి ఒగ్గి విని, "ఇది నా కాలేనా సార్? ఘాట్ ఎక్కేటప్పుడు బండి చేసే మోతలాగుంది" అన్నాడు. రెండు నెలల తరవాత అతని మొహాన నవ్వు చూడడం అదే.

ఆ జబ్బుకి ఐజాక్స్ వ్యాధి అని పేరు. దక్షిణాఫ్రికాలో హైమ్ ఐజాక్స్ అనే వైద్యుడు 1961లో, కండలు ఎడతెరిపి లేకుండా అదిరే ఇద్దరు రోగులను గురించి రాశాడు. నిద్రలోనూ, మత్తుమందు ఇచ్చినప్పుడూ కూడా ఆ అదురు ఆగలేదు. నరానికీ కండకీ మధ్య సంబంధాన్ని తెంపే మందు ఇస్తే అప్పుడు ఆగింది. అంటే ఆజ్ఞ మెదడునుంచి రావడం లేదు, మనసునుంచి అసలే రావడం లేదు. నరం కొసల్లోనే పుడుతోందన్నమాట. అంతకు చాలా ముందే, 1890లో, ఫ్రాన్సులో మోర్వాన్ అనే వైద్యుడు ఇటువంటి అదురుతోబాటు విపరీతమైన చెమట, నిద్రలేమి, మతిభ్రమ కూడా ఉన్న రోగులను వర్ణించాడు. ఆ రెండూ ఒక కుటుంబంలోని జబ్బులేనని ఈనాటి వైద్యుల అభిప్రాయం.

నరం ఎందుకలా తిరగబడుతుందన్నది చాలాకాలం తేలలేదు. 1991లో ఇంగ్లండులో న్యూసమ్ డేవిస్, ఏంజెలా విన్సెంట్ మొదలైనవాళ్ళు ఒక సంగతి బయటపెట్టారు. రోగి రక్తంలోని ద్రవాన్ని వడగట్టి మార్చితే అదురు తగ్గింది. ఆ రోగి రక్తంలో ఉన్న ప్రతిరక్షకాలను ఎలుకలకి ఎక్కిస్తే వాటి నరాలు కూడా ఉద్రేకపడ్డాయి. దోషం రక్తంలో ఉందని దానితో రూఢి అయింది. రోగక్రిములను చంపడానికి ఒంట్లో ఉన్న సైన్యమే పొరబడి సొంత నరాలమీద పడుతుంది. నరంలో ఒక కబురు నడిచాక, దాన్ని సద్దుమణిగించడానికి పొటాషియం దారులని సన్నని ద్వారాలున్నాయి. వాటిని తమ స్థానంలో నిలబెట్టే కాస్పర్-2 అనే మాంసకృత్తు మీద ఈ సైన్యం దాడి చేస్తుందని 2010, 2011 సంవత్సరాల్లో తెలిసింది. ద్వారం మూలపడితే నరానికి సద్దు ఉండదు. పంపని కబురు పోతూనే ఉంటుంది.

ఇదంతా డాక్టరు ఓపికగా చెబితే బావ ఒక్క మాటలో తేల్చాడు. "తెలిసింది సార్. వానకి వైరింగు తడిస్తే హారను నొక్కకుండానే మోగుతాది. డ్రైవర్ని తిడితే ఏం లాభం?"

దీనికి దాయాది జబ్బు ఒకటి ఈ మధ్య పత్రికల్లో చాలా కనబడింది. 2025 మొదటి నెలల్లో పుణెలో గులియన్ బారీ అనే వ్యాధి రెండువందల మందికి పైగా సోకినట్టు వార్తలొచ్చాయి. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆ వ్యాధితో ఒక స్త్రీ మరణించడంతో మన జిల్లాల్లో కూడా జనం బెంబేలెత్తారు. అది కొత్త జబ్బేమీ కాదు. 1916లో, మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో, గులియన్, బారీ, స్ట్రోల్ అనే ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికులలో దాన్ని గుర్తించారు. కలుషితమైన నీరు, సరిగా ఉడకని కోడిమాంసం వంటివాటి ద్వారా వచ్చిన విరేచనాలో, జలుబు జ్వరమో తగ్గిన కొన్ని రోజులకి, ఒంటి సైన్యం నరాలమీద తిరగబడుతుంది. మా బావ జబ్బులో తీగలు పంపని కబుర్లు మోస్తే, ఇందులో పంపిన కబుర్లు కూడా చేరవు. పాదాలలో తిమ్మిరి, ఆపైన కాళ్ళు, చేతులు చచ్చుబడడం. ముదిరితే ఊపిరికి యంత్రం పెట్టవలసి రావడం. ఈ జబ్బులో కూడా కొందరికి మొహంలో కండలు పురుగులు పాకినట్టు అదురుతాయి. అరుదుగా కాళ్ళూ చేతులూ ఉలిక్కిపడినట్టు ఎగురుతాయి. అప్పుడు కూడా చూసేవాళ్ళు, "అయ్యో, చచ్చుబడిందన్న కాలు ఎలా ఎగిరింది?" అని అనుమానపడతారు. ఎగరడానికీ ఎగరవేయడానికీ తేడా ఇక్కడ కూడా ఉంది.

భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. లక్షమందిలో ఏడాదికి ఒకరిద్దరికి వచ్చే జబ్బది. ఐజాక్స్ అంతకంటె ఎంతో అరుదు. కనురెప్ప అదిరితే నూటికి తొంభై తొమ్మిదిసార్లు నిద్ర చాలకనో, కాఫీ ఎక్కువయో అదురుతుంది. నాలుగు రోజులు నిద్రపోతే పోతుంది. అయితే తిమ్మిరి పైకి పాకుతున్నా, మెట్లెక్కడం నిన్నటికంటె ఈ రోజు కష్టమైనా, మింగుడు పడకపోయినా, మాట ముద్దయినా, ఊపిరి చాలకపోయినా, ఆ గంటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రేపు తగ్గుతుందేమోనని చూడకూడదు. దాత రక్తంనుంచి తీసిన ప్రతిరక్షకాలను సూదిద్వారా ఎక్కించడం, లేదా రక్తంలోని ద్రవాన్ని మార్చడం, ఈ రెండే దానికి చికిత్సలు. రెండూ సమానంగా పనిచేస్తాయి. హైదరాబాదు వైద్యులు మీనా, మూర్తి గార్లు ముంబయి వైద్యులు ఖాదిల్కర్ గారితో కలిసి 2011లో మన దేశపు నరాల వైద్యులకోసం ఈ చికిత్స పద్ధతులను క్రోడీకరించారు. వేళకి మందు పడితే ఆర్నెల్లు తిరిగేసరికి ఎక్కువమంది తమ కాళ్ళమీద తాము నడుస్తారు.

డాక్టరు ఇంకొక ప్రశ్న కూడా వేశాడు. "భస్మాలు, నాటుమందులు ఏవైనా వాడారా?" మన దేశంలో ఈ అదురు జబ్బు వచ్చిన కొందరు అంతకుముందు పాదరసం వంటి లోహాలున్న మందులు వాడినట్టు వైద్యులు గమనించారుట. బావ జబ్బుకి ముందు ఏమీ వాడలేదు. కాని జబ్బు వచ్చాక తెలిసినవాళ్ళు తెచ్చిచ్చిన పొడి ఒకటి ఇంట్లో ఉంది. పొట్లం మీద పేరూ లేదు, ఊరూ లేదు. దాన్ని చెల్లెమ్మ ఆ రాత్రే మూటకట్టి అవతల పారేసింది.

రక్తపరీక్షలో కాస్పర్ ప్రతిరక్షకాలు ఉన్నాయని తేలింది. గుండె దగ్గర థైమస్ అనే గ్రంథిలో గడ్డలుంటే కూడా ఈ జబ్బు వస్తుందని ఛాతీకి స్కాను తీశారు, అటువంటిదేమీ లేదు. నరాన్ని నెమ్మదింపజేసే కార్బమజెపీన్ మాత్రలిచ్చారు. రోజు విడిచి రోజు ఐదుసార్లు రక్తంలోని ద్రవం మార్చారు. తరవాత స్టెరాయిడ్ మాత్రలు. మూడో వారానికి రాత్రి నిద్ర పట్టింది. రెండో నెలకి గుప్పిట మామూలుగా తెరుచుకుంది. పిక్కల్లో అదురు తగ్గిందిగాని పూర్తిగా పోలేదు. చేతికి కూడా, అలిసిపోయినప్పుడు, ఒక కుదుపు వచ్చి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ల వల్ల చక్కెర జబ్బు వచ్చింది. దానికి వేరే మాత్ర. లారీ నడపడం మాత్రం కుదరదన్నారు. పాతికేళ్ళ డ్రైవరు ఇప్పుడు బాడీ కట్టే షెడ్డులో చెక్కా, రేకూ లెక్కచూసే ఉద్యోగం చేస్తున్నాడు. జీతం వెనకటిలో సగం. రోజూ సాయంత్రం ఘాట్ వైపు వెళ్ళే బళ్ళను చూస్తూ గేటు దగ్గర కాసేపు నిలబడతాడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండును. కాని ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉంది. బీయస్సీ చదివి, బొబ్బిలిలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. 2024లో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి బావే స్వయంగా కాఫీ అందిస్తూంటే చెయ్యి ఉలిక్కిపడి కప్పు ఒలికింది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇంటికెళ్ళి కబురు పంపుతామన్నారు. వచ్చిన కబురు వేరే వాళ్ళ నోట వచ్చింది: "వంశంలో వణుకు జబ్బుందట గదా." ఆ జబ్బు అంటువ్యాధి కాదు, తండ్రికి వస్తే పిల్లలకి దిగే వంశపు ఆస్తీ కాదు. ఇంతమాత్రం అడిగితే ఏ డాక్టరైనా చెబుతాడు. కాని అడగడంకంటె అనుకోవడం సులువు గదా!

మరు సంవత్సరం ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి మా అత్త, "వాళ్ళెదటికి రాకు నాయనా, పెరట్లో కూర్చో. మాటలయ్యాక చూసుకుందాం" అని కొడుకుని బతిమాలింది. నన్ను కూడా సాక్ష్యం పిలిచింది. నేను నోరు తెరిచేలోగా చెల్లెమ్మ అంది: "రావాలి అత్తయ్యా. తప్పు చేసినవాళ్ళు దాక్కుంటారు. ఆయనేం చేశారని?"

బావ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళమీద అందరికీ కనబడేటట్టు పెట్టుకున్నాడు. "బాబూ, ఈ చెయ్యి ఒక్కొక్కప్పుడు ఇలా కొట్టుకుంటాది. నరాల జబ్బు వచ్చింది, మందు వాడుతున్నాను. తాగుడు కాదు, అంటుకునేదీ కాదు. విశాఖపట్నం డాక్టరు గారి కాగితాలున్నాయి, చూసుకోండి" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి రిటైరయిన స్కూలు మాస్టారు. కాగితాలు తీసుకున్నాడు, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అర్థంకాని మాటలు రెండు నన్నడిగి తెలుసుకున్నాడు. మడిచి ఇచ్చేస్తూ, "బళ్ళో ఒక కుర్రాడుండేవాడు బాబూ. భుజం ఎగరేస్తున్నాడని రోజూ ఎవరో ఒకరు కొట్టేవారు. పాపం, వాడికేమైనా ఇటువంటిదే ఉండేదేమో" అని ఊరుకున్నాడు. తరవాత పంచాంగం తీయమన్నాడు.

పెళ్ళి మొన్న మాఘంలో జరిగింది. అల్లుడి కాళ్ళు కడిగే వేళకి బావ ముందురోజు నిద్రలేక బాగా అలిసి ఉన్నాడు. చెల్లెమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూంటే అతని చెయ్యి రెండుసార్లు గట్టిగా ఎగిరింది. నీళ్ళు అల్లుడి మధుపర్కాల మీద చిందాయి. పందిట్లో ఎవరో మాట్లాడబోయి మానేశారు. అల్లుడు పళ్ళెంలో కాలు కొంచెం ముందుకి జరిపాడు. పంతులుగారు ఆ చెయ్యి కుదురుకునేదాకా ఆగి, తరవాతి మంత్రం అందుకున్నారు.